తానే గేరు మార్చుకొను కారు: దాని గేరు పెట్టెను దించు విధము

చెన్నై నుండి బెంగుళూరునకు పోవు రాజమార్గము మన వేలూరు ప్రక్కగా సాగుచున్నది. ఆ మార్గమునకు చేరువగా మోటారు బండ్లను బాగుచేయు షెడ్లు పెక్కు గలవు. వానిలో పనిచేయువారిలో ఇంట తెలుగు మాటలాడువారును, మన పాఠశాలలో చదివి పోయినవారును కలరు. వారు చేయు పని యెట్టిదో మనలో పలువురకు తెలియదు. చేతులకు నల్లని నూనె పూసుకొని బండి క్రింద పరుండు పని యని మాత్రమే తలంతుము. గత వేసవిలో అట్టి పనిని ఆద్యంతము చూచు అవకాశము మాకు కలిగెను. చూచిన దానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజెప్పుట మా విధి యని తోచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా విద్యార్థి యొకని తండ్రి గుడియాత్తములోని నేతగాండ్ర కుటుంబమునకు చెందినవాడు. మగ్గముపై రాబడి చాలక ఆయన పాత కారు నొకదానిని కొని బాడుగకు త్రిప్పుచున్నాడు. వేలూరు ఆసుపత్రికి పోవు రోగులను, కాట్పాడి స్టేషనులో రైలు ఎక్కువారిని చేరవేయుటయే ఆయన జీవనోపాధి. కారు ఆటోమేటిక్ రకమునకు చెందినది. ఒకనాడు పరదరామి మీదుగా చిత్తూరునకు పోవుచుండగా ఇంజను బిగ్గరగా మ్రోగుచున్నను బండి ముందునకు సాగదయ్యెను. ఆ ఇంజను మ్రోత వెనుక ఒక కుటుంబపు కూడు ఉన్నదని పాఠకులు గ్రహింతురు గాక.

గేరు ఎందులకు?

సైకిలుపై మిట్ట నెక్కునపుడు మనకు వేగము కంటె బలము కావలెను. సమతలమున బలము కంటె వేగము కావలెను. కారునకును అంతే. ఇంజను కొంత వేగమున తిరుగుచున్నపుడే దానికి బలముండును. మిక్కిలి మెల్లగా త్రిప్పినచో ఆగిపోవును. నిలిచియున్న చక్రమునకును, తిరుగుచున్న ఇంజనునకును నడుమ సంధి కుదుర్చునది గేరు పెట్టె. సాధారణమైన కారులో నడుపువాడు ఎడమ కాలితో క్లచ్‌ను అదిమి, చేతితో గేరు మార్చును. ఆటోమేటిక్ కారులో ఆ పనిని యంత్రమే చేసికొనును.

అది యెట్లు? మజ్జిగ చిలుకు కుండను తలచుకొనుడు. కుండను నున్నని నేలపై ఊరక నిలిపి, కవ్వమును ఒకే దిక్కుగా వడిగా త్రిప్పినచో, కవ్వము కుండను తాకకున్నను కుండయు మెల్లగా తిరుగ నారంభించును. నడుమ నున్న మజ్జిగయే ఆ చలనమును మోసికొని పోయినది. టార్క్ కన్వర్టర్ అను భాగము ఈ సూత్రముననే పనిచేయును. గుమ్మడికాయ వలె ఉబ్బిన ఉక్కు డొల్లలో నూనె నిండియుండును. ఇంజనుతో కూడ తిరుగు రెక్కలు ఆ నూనెను విసరును. ఎదుట నున్న రెండవ రెక్కల చక్రము ఆ నూనె త్రోపునకు తిరిగి, గేరు పెట్టెలోని ఇరుసును త్రిప్పును. ఈ రెంటి నడుమ స్టేటర్ అను మూడవ రెక్కల చక్రము కలదు. అది తిరిగి వచ్చు నూనెను ఇంజను తిరుగు దిక్కునకే మరలించుట చేత, బండి కదలునపుడు బలము సుమారు రెండింతల వరకు పెరుగును. బండి నిలిచియున్నపుడు నూనె మాత్రము చిలుకబడుచుండును, ఇంజను ఆగిపోదు.

ఇక గేర్ల సంగతి. నడుమ నొక పండ్ల చక్రము, దాని చుట్టును తిరుగు చిన్న చక్రములు, వానినన్నిటిని ఆవరించి లోవైపు పండ్లు గల యొక వలయము ఉండును. సూర్యుని చుట్టును గ్రహములు తిరుగునట్లు ఉండుటచే వీనిని ప్లానెటరీ గేర్లు అందురు. ఈ మూడింటిలో నొకదానిని కదలకుండ పట్టి వేరొక దానిని త్రిప్పినచో, మిగిలినది ఒక్కొక్క తీరున ఒక్కొక్క వేగమున తిరుగును, వెనుకకును తిరుగును. అట్లు పట్టుటకు పలుచని క్లచ్ బిళ్లల దొంతరలు కలవు. నూనె యొత్తిడి ఆ బిళ్లలను అదిమి పట్టును. ఏ దొంతరకు ఎప్పుడు నూనె పోవలెనో నిర్ణయించు సన్నని దారుల పలకను వాల్వ్ బాడీ అందురు. నూనెను త్రోయునది పంపు. టార్క్ కన్వర్టర్ మెడయే ఆ పంపును త్రిప్పును. కనుక ఇంజను తిరిగిన గాని పంపు తిరుగదు. పంపు తిరిగిన గాని ఒత్తిడి లేదు. ఒత్తిడి లేనిదే గేరు లేదు. ఈ గొలుసును జ్ఞాపకముంచుకొనుడు. మన కథయంతయు దీనిపైననే ఆధారపడి యున్నది.

కొంత చరిత్ర

నూనె ద్వారా బలమును చేరవేయు ఈ ఉపాయమును జర్మను ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ ఓడల కొఱకు కనిపెట్టి 1905లో పేటెంటు పొందెను. 1908లో వచ్చిన ఫోర్డు వారి మోడల్ టి కారులో ప్లానెటరీ గేర్లు ఉండెను గాని, వానిని కాలితో నడుపవలసి యుండెను. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రామాటిక్ అను సంపూర్ణమైన ఆటోమేటిక్ గేరు పెట్టెను 1939లో ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్‌స్‌మొబీల్ కార్లలో అమర్చెను. మన దేశమున మన్ మోహన్ సూరి అను ఇంజనీరు రైలు ఇంజనులకు తగిన ద్రవ సంచాలక యంత్రమును రూపొందించెను. అది ఆయన పేరనే సూరి ట్రాన్స్‌మిషన్ అని ప్రసిద్ధి చెంది, చిత్తరంజన్ కర్మాగారమున తయారైన షంటింగు డీజిలు ఇంజనులలో వాడబడెను.

ఇచట నొక హెచ్చరిక. ఆటోమేటిక్ అని పిలువబడు కార్లన్నియు నొక్కటి గావు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశమున వ్యాపించిన ఏ.ఎమ్.టి. రకములో సాధారణమైన గేరు పెట్టెయు, సాధారణమైన క్లచ్ బిళ్లయు ఉండును. మనుష్యుని కాలు చేతులకు బదులు చిన్న యంత్రములు వానిని కదల్చును. దానిలో టార్క్ కన్వర్టర్ లేదు. బెల్టుతో నడుచు సి.వి.టి. వేరు; రెండు క్లచ్‌లు గల రకము వేరు. పాత కారు కొనువారు అది యే రకమో ముందుగా తెలిసికొనవలెను. బాగుచేయు రీతియు, ఖర్చును దానిని బట్టియే మారును.

ముందు పరీక్ష, పిమ్మట పనిముట్టు

మా విద్యార్థి తండ్రి కారును త్రాడు కట్టి లాగించుకొని వేలూరు పోవ నెంచెను. షెడ్డులో పనిచేయుచున్న మా పూర్వ విద్యార్థి టెలిఫోనులో వలదని వారించెను. ఇంజను ఆగియున్నపుడు పంపు తిరుగదు గదా. చక్రములు మాత్రము తిరిగినచో లోని భాగములకు నూనె యందక అవి అరిగిపోవును. కావున ఇట్టి కారును లారీపై నెక్కించి తీసికొని పోవలెను, లేదా ఇంజను త్రిప్పు చక్రములను నేలకు తాకకుండ ఎత్తి లాగవలెను. ఈ యొక్క సలహాయే ఆ దినమున ఎంతో నష్టమును తప్పించెను.

శనివారము నాడు తండ్రియు, తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడును, మేమును షెడ్డునకు పోతిమి. రాగానే గేరు పెట్టెను దించుదురని మేము తలచితిమి. అట్లు జరుగలేదు. మొదట నూనె మట్టమును చూచిరి. మంచి నూనె సాధారణముగ ఎఱ్ఱగా, తేటగా ఉండును. ఈ నూనె నల్లబడి మాడిన వాసన కొట్టుచుండెను. తరువాత చిన్న కంప్యూటరును తగిలించి కారు తన జ్ఞాపకమున వ్రాసికొనిన లోపములను చదివిరి. పిదప ఒత్తిడి కొలుచు గడియారమును బిగించి చూచిరి. ఒత్తిడి ఉండవలసిన దానికంటె చాల తక్కువగ నుండెను. అడుగు పళ్లెమును విప్పిరి. పళ్లెములోని అయస్కాంతములకు మెత్తని బూడిద వన్నె ముద్ద కొంచెము అంటియుండుట సహజమే. ఇందులో మెఱయు లోహపు రజనును, క్లచ్ బిళ్లల నుండి రాలిన నల్లని పొడియును ఉండెను.

మా పూర్వ విద్యార్థి ఇట్లనెను: "అయ్యా, వాల్వ్ బాడీలో చెడినచో పెట్టెను దించకయే బాగుచేయవచ్చును. జల్లెడ మూసికొనినను అంతే. ఇది పంపునో, క్లచ్‌లనో తాకినది. దించక తప్పదు." ఈ విచక్షణయే విద్య. దించుట పెద్ద ఖర్చు. దించవలసిన అవసరమును ముందుగా రుజువు చేయుటయే మెకానిక్కు ధర్మము, అడిగి తెలిసికొనుట యజమాని హక్కు.

దించు విధము

మొదటి పని బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను విప్పుట. స్టార్టరునకు పోవు లావు తీగ యందు ఎల్లప్పుడు విద్యుత్తు ఉండును. స్పానరు తగిలినచో నిప్పురవ్వలు లేచును.

రెండవది బండిని పైకెత్తుట. అచట రెండు స్తంభముల లిఫ్టు ఉండెను. లిఫ్టు లేనిచోట జాకీతో నెత్తి, గట్టి నేలపై ఉక్కు స్టాండ్లను నిలిపి, వానిపై బండిని ఆన్చవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. దానిలోని సన్నని రబ్బరు వలయము తెగినచో బండి క్షణములో క్రుంగును. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు. విద్యార్థులారా, ఈ వ్యాసములో ఒక్క వాక్యమునే మీరు జ్ఞాపకముంచుకొనదలచినచో దీనిని ఉంచుకొనుడు.

మూడవది నూనెను దించుట. దిగిన నూనెను కొలిచి వ్రాసికొనిరి. తరువాత ఎంత పోయవలెనో తెలియుటకు అది సాయపడును. ఆ నూనెను డబ్బాలలో నింపి మూతలు బిగించిరి. వాడిన నూనెను కాలువలో పోయరాదు. తోళ్ల పరిశ్రమ మురుగుచే ఇదివఱకే నలిగిన మన పాలారునకు ఇంకొక విషమును చేర్చుట పాపము.

ఈ కారు ముందు చక్రములతో నడుచునది. కనుక ముందు చక్రములను విప్పి, రెండు ప్రక్కల ఇరుసులను పెట్టె నుండి వెలుపలికి లాగిరి. వెనుక చక్రములతో నడుచు బండియైనచో పొడవైన ప్రొపెల్లరు షాఫ్టును, తిరిగి అదే స్థానమున అమర్చుటకు గుర్తు పెట్టి, విప్పవలెను. పిమ్మట గేరు కడ్డీకి పోవు కేబులును, విద్యుత్తు తీగల జోళ్లను, నూనెను చల్లబరచు గొట్టములను విప్పి, దుమ్ము చొరకుండ గొట్టముల నోళ్లను మూసిరి. ప్రతి తీగకును కాగితపు చీటి కట్టిరి.

తరువాత స్టార్టరును ఊడదీసిరి. ఆ రంధ్రము గుండ చూచినచో ఇంజను వెనుక నున్న పలుచని ఫ్లెక్స్ ప్లేటు కనబడును. టార్క్ కన్వర్టర్ దానికి బోల్టులతో బిగింపబడి యుండును. ఒక్కసారి ఒక్క బోల్టే రంధ్రమునకు ఎదురుగ వచ్చును. కనుక ఇంజను ముందరి పుల్లీ బోల్టునకు స్పానరు తగిలించి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పుచు, ఒక్కొక్క బోల్టును విప్పిరి. ఈ బోల్టులను మఱచి పెట్టెను లాగినచో కన్వర్టర్ ఇంజనుకే అంటుకొని నిలిచి, పెట్టెలోని నూనె సీలును చీల్చును.

అటుపిమ్మట ఇంజనును పైనుండి అడ్డదూలమునకు గొలుసుతో వ్రేలాడగట్టిరి. ఏలయన గేరు పెట్టె పోయినచో ఇంజనునకు ఒక ప్రక్క ఆధారము పోవును. పెట్టె క్రింద దానికని చేసిన చదరపు పళ్లెము గల జాకీని నిలిపి గొలుసు చుట్టిరి. ఇట్టి పెట్టె కన్వర్టరుతో కూడ 60 కిలోలకు పైబడి తూగవచ్చును. పెద్ద బండ్లలో 100 కిలోలు దాటుటయు కలదు. ఆధారములన్నియు కుదిరిన పిదపనే పెట్టెను ఇంజనుతో కలుపు బోల్టులను విప్పిరి. ఆ బోల్టుల పొడవు లన్నియు నొక్కటి గావు. మా విద్యార్థి అట్టముక్కపై పెట్టె ముఖము బొమ్మను గీసి, ఏ రంధ్రపు బోల్టును ఆ స్థానముననే గ్రుచ్చి ఉంచెను. పెద్దలు వానిని మెచ్చుకొనిరి. చివర రెండు బోల్టులు విప్పి, పెట్టెను వంకర లేకుండ తిన్నగా వెనుకకు జరిపి, కన్వర్టర్ జారి పడకుండ పట్టీ వేసి క్రిందికి దించిరి. అప్పటికి మధ్యాహ్నమాయెను.

తప్పు బయటపడుట

పెట్టెను విప్పగనే కారణము తేటపడెను. పంపులోని లోపలి చక్రము పగిలి యుండెను; దానిని త్రిప్పు చెవులు నలిగి యుండెను. తండ్రిని ప్రశ్నింపగా, కొన్ని వారములకు పూర్వము నూనె కారుచున్నదని వేరొక చోట పెట్టెను దింపి సీలు మార్పించితినని చెప్పెను. ఎచట యన్నది మాకు అనవసరము. ఏమి జరిగినదన్నదే పాఠము.

కన్వర్టరును తిరిగి పెట్టెలో అమర్చునపుడు అది మూడు చోట్ల కుదురుకొనవలెను: లోని ఇరుసు పండ్లపై నొకటి, స్టేటర్ ఆధారముపై నొకటి, పంపు చక్రపు చెవులలో నొకటి. మెల్లగా త్రిప్పుచు నొత్తగా నొత్తగా ఒక్కొక్క మెట్టుగా లోనికి దిగును. రెండు మెట్లు దిగిన పిమ్మట పూర్తియైనదని తొందరపాటున తలచినచో మూడవది మిగిలిపోవును. అట్టి స్థితిలో పెట్టెను ఇంజనుకు ఆన్చగా నడుమ వ్రేలెడు సందు నిలుచును. ఓర్పు లేనివాడు ఆ సందును బోల్టులు బిగించి మూయును. బోల్టు బలము కన్వర్టరును పంపుపైకి త్రోయును, పంపు పగులును. వెంటనే ఆగిపోక బీటలువాఱినచో కొన్నాళ్లు నడచి, ఒత్తిడి తగ్గి, బిళ్లలు జారి, మాడిపోవును. ఈ కారు విషయమున జరిగినది ఇదియే. ఒక్క నిమిషపు ఓర్పు లేకపోవుటచే, ఒక సీలుతో పోవలసినది, కారు కొన్న వెలలో మూడవ వంతు వఱకు పెరిగెను.

తిరిగి అమర్చుట

పంపు, క్లచ్ బిళ్లలు, సీళ్లు క్రొత్తవి వచ్చుటకు వారము దినములు పట్టెను. పాత కన్వర్టరులో లోహపు రజను నిలిచియుండునని దానిని గూడ మార్చిరి. నూనె చల్లబరచు గొట్టములను కడిగిరి; కడుగనిచో అందులోని రజను క్రొత్త పెట్టెను పాతదాని వలెనే తినివేయును.

మరుసటి శనివారము మేము మఱల పోతిమి. మా పూర్వ విద్యార్థి కన్వర్టరును మూడు మెట్లు దించి, పెట్టె అంచుపై బద్దను అడ్డముంచి, ఎంత లోనికి దిగినదో కొలతబద్దతో కొలిచి, పుస్తకములోని కొలతతో సరిచూచెను. పెట్టెను ఎత్తి ఇంజనుకు చేర్చగా సందు లేకుండ చేతి ఒత్తిడికే అంటుకొనెను. అప్పుడు కన్వర్టరు త్రిప్పుటకు అడ్డులేక తిరుగుచుండెను. "ఇట్లు తిరిగినప్పుడే బోల్టు వేయవలెను, బోల్టు బిగించుటకే గాని లాగుటకు గాదు" అని అతడు మా విద్యార్థికి చెప్పెను. అట్టముక్కపై నున్న బోల్టులు తమ తమ స్థానములకు పోయినవి. ఒక్కటియు మిగులలేదు.

తయారుచేసినవారు చెప్పిన రకపు నూనెనే పోసి, ఇంజనును నడిపి, గేరు కడ్డీని అన్ని స్థానములలోను కొంతసేపు నిలిపి, నూనె నిర్ణీతమైన వేడికి వచ్చిన పిదప మట్టమును సరిచూచిరి. తండ్రి బండిని వెలుపలికి తీసి సాయంకాలమునకు తిరిగి వచ్చెను. ఆయన ముఖమును చూచిన పిమ్మట మేమేమియు అడుగలేదు.

మన భాషయు, ఈ పనియు

మా విద్యార్థి నోటుపుస్తకములో భాగముల పేర్లు ఇంగ్లీషువి, పనుల పేర్లు తమిళమువి వ్రాసికొనెను. 'కళట్టు' అని వ్రాసిన చోట 'ఊడదీయు' అని మేము ప్రక్కన వ్రాసితిమి. తమిళపు మాటను కొట్టివేయలేదు. షెడ్డులో తమిళము కావలెను, మాన్యువలు చదువుటకు ఇంగ్లీషు కావలెను. అయితే ఆ రాత్రి ఇంట ఆ బాలుడు పంపు ఏల పగిలెనో తల్లికి తెలుగున చెప్పెనట. ఆమె విని, "కవ్వము కుదురకుండగనే కుండను బిగించినారా?" అని అడిగెనట. ఇంతకంటె సరియైన వివరణమును మేమును వ్రాయలేము. శాస్త్రము తల్లికి అర్థమగునట్లు చెప్పగలిగిన నాడే బిడ్డకు అది వచ్చినట్లు లెక్క.

తలిదండ్రులకు ఒక విన్నపము. పదవ తరగతి ముగిసిన పిదప ఐ.టి.ఐ.లలో మోటారు వాహనముల మెకానిక్ శిక్షణ రెండేండ్లది కలదు. అది చదువు రానివారి త్రోవ యని తలపవలదు. కొలత, గుర్తు, వరుస, ఓర్పు, నిజము చెప్పు ధైర్యము అన్నవి ఆ పనికి ముఖ్యమైన పనిముట్లు. అవి తరగతి గదిలో నేర్పబడునవే. మా విద్యార్థి గీసిన అట్టముక్క ఇప్పటికిని ఆ షెడ్డు గోడపై వ్రేలాడుచున్నది.